మాస్టారి రిజిస్టరు, కెర్మిట్ కప్ప

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నాకు కంప్యూటర్ల సంగతి తప్ప ఇంకేమీ తెలియదండీ" అన్నాను. "అదే రాయండి. మాస్టారి రిజిస్టరు ఎలా బయటికొచ్చిందో అందరికీ తెలియాలి కదా" అన్నారాయన. అందుకే ఈ వ్యాసం. ఇందులో సగం చరిత్ర, సగం మన బడి కథ.

మన తెలుగు మాస్టారు తెలియనివాళ్లు ఈ సంచిక చదివేవాళ్లలో ఉండరు. 1975లో సంఘం పుట్టిన నాటి నుంచి సభ్యుల పట్టిక ఆయన చేతిలోనే ఉండేది. పదో తరగతి పాసైనవాళ్లే పూర్వ విద్యార్థులని కొందరు పెద్దలు వాదించారట. మాస్టారు ఒప్పుకోలేదు. "బడి గుమ్మం తొక్కినవాడు బడివాడే" అని, ఆరులోనో ఎనిమిదిలోనో చదువు మానేసినవాళ్ల పేర్లు కూడా రాసుకున్నారు. ఉత్త పేర్లే కాదు. ఎందుకు మానేశాడు, ఏ ఊరు వెళ్లాడు, ఏ పని చేస్తున్నాడు అన్నది పండక్కి ఊరొచ్చినవాళ్లందరినీ అడిగి తెలుసుకుని, పేరు పక్కన ఒక్క వాక్యం రాసేవారు. బడి అడ్మిషన్ పుస్తకంలో పేర్లుంటాయి గానీ, ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారన్నది అందులో ఉండదు.

1992లో సంఘానికి ఒక దాత పాత కంప్యూటర్ ఇచ్చారు. అందులో సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు ఉండేది. డాస్ మీద తెలుగు కనబడాలంటే అప్పట్లో అదొక దారి. నేను ఉద్యోగంలో కంప్యూటర్ విభాగంలో ఉండేవాణ్ణి కాబట్టి సెలవుల్లో వచ్చి సగం రిజిస్టరు నేను టైపు చేశాను. మిగతా సగం బడి గుమాస్తాగారు చేశారు. ఆ తర్వాత రాతపుస్తకాలను చెదలు తినేశాయి. ఫ్లాపీలకు బూజు పట్టింది. మాస్టారు కాలం చేశారు. కంప్యూటర్ మాత్రం సంఘం గదిలో బీరువా వెనకాల, గోనెసంచి కప్పుకుని ఉండిపోయింది.

పోయిన ఏడాది దాన్ని బయటికి తీశాం. భయంభయంగా స్విచ్ వేస్తే, మూలుగుతూ లేచింది. రిజిస్టరు ఫైలు హార్డు డిస్కులో ఉంది. కానీ తీసుకెళ్లే దారేది? ఫ్లాపీ డ్రైవు పనిచేయదు. పెన్‌డ్రైవు పెట్టడానికి చోటు లేదు. డిస్కు ఊడదీసి వేరే యంత్రానికి తగిలిద్దామంటే, ముప్పై ఏళ్లనాటి డిస్కు కదిపితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. వెనకాల ఒక్క సీరియల్ పోర్టు మాత్రం బాగుంది. నాకు పాత స్నేహితుడు గుర్తొచ్చాడు. వాడి పేరు కెర్మిట్.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఫైలు పంపడానికి పద్ధతి రాసినవాళ్లలో తొలివాడు మనవాడే. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో 1965లో పట్టా పుచ్చుకున్న అభయ్ భూషణ్, అమెరికాలో ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఎఫ్‌టీపీ తొలి ముసాయిదా రాశారు. అయితే అది నెట్‌వర్కులో ఉన్న పెద్ద యంత్రాల కోసం. మామూలు మనిషి బల్ల మీద ఉన్న చిన్న కంప్యూటర్‌కు నెట్‌వర్కు ఎక్కడిది? దానికున్నది టెలిఫోను తీగ, లేదంటే సీరియల్ కేబులు. ఆ దారిన పంపడానికి 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ ఎక్స్‌మోడెమ్ రాశారు. ఫైలును 128 బైట్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కా సరిగ్గా అందిందో లేదో చూసుకుంటూ పంపడం దాని పద్ధతి. చిన్న యంత్రాల మధ్య అది బ్రహ్మాండంగా నడిచింది. పెద్ద యంత్రాల దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. చాలా లైన్లు అక్షరానికి ఏడు బిట్లే మోసేవి. ఎక్స్‌మోడెమ్‌కు ఎనిమిదీ కావాలి.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లకు 1980 ప్రాంతంలో ఈ చిక్కే ఎదురైంది. వాళ్ల పెద్ద యంత్రంలో విద్యార్థులందరి ఫైళ్లకూ చోటు చాలడం లేదు. ఎవరి ఫైళ్లు వాళ్లు ఫ్లాపీల్లో దాచుకుంటే పోతుంది కదా అని చిన్న కంప్యూటర్లు తెచ్చారు. డెక్ యంత్రం ఒక రకం, ఐబీఎం యంత్రం ఇంకో రకం, చిన్న కంప్యూటర్లు మరో రకం. ఈ మూడూ మాట్లాడుకోవాలి. ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ క్యాచింగ్స్ అనే ఇద్దరు కూర్చుని కొత్త పద్ధతి రాశారు. 1981 ఏప్రిల్‌లో దాంతో మొదటి ఫైలు వెళ్లింది. పేరేం పెడదామని చూస్తే గోడమీద మపెట్ బొమ్మల క్యాలెండర్ వేలాడుతోంది. అందులో ఉన్న కప్ప పేరు కెర్మిట్. బొమ్మల కంపెనీ అనుమతి తీసుకుని ఆ పేరే ఖాయం చేశారు.

దాని పనితీరు మన మాస్టారి డిక్టేషన్ క్లాసు లాంటిది. మాస్టారు ఒక వాక్యం చెబుతారు. మనం "ఊఁ" అంటే తర్వాతి వాక్యం. ఎవడైనా "వినపడలేదండీ" అంటే అదే వాక్యం మళ్లీ. కెర్మిట్ కూడా ఫైలును చిన్నచిన్న పొట్లాలు కడుతుంది. మొదట్లో పొట్లానికి వందలోపు అక్షరాలే. ప్రతి పొట్లం మీదా వరస సంఖ్య, చివర కూడిక విలువ ఉంటాయి. అందుకున్న యంత్రం కూడిక మళ్లీ వేసి చూస్తుంది. సరిపోతే "అందింది" అంటుంది. తేడా వస్తే "మళ్లీ పంపు" అంటుంది. వరస తప్పినా, పొట్లం పోయినా పట్టుబడుతుంది.

దాని అసలు తెలివి ఇంకోచోట ఉంది. ఫైలులో కొన్ని బైట్లు దారిలో ఉన్న యంత్రాలకు ఆజ్ఞల్లా వినిపిస్తాయి. ఒకటి చూస్తే లైను ఆగిపోతుంది, ఇంకోటి చూస్తే తెగిపోతుంది. కెర్మిట్ అలాంటి బైటుకు బదులు హ్యాష్ గుర్తూ, పక్కన ఒక మామూలు అక్షరమూ పంపుతుంది. అవతల దాన్ని మళ్లీ యథాతథంగా మారుస్తుంది. ఎనిమిదో బిట్ మోయలేని లైను అయితే, ఆ బిట్ ఉన్న అక్షరం ముందు ఇంకో గుర్తు పెడుతుంది. అంటే ఎంత ఇరుకు సందులోంచైనా సామాను విప్పి, ఒక్కొక్కటిగా దాటించి, అవతల మళ్లీ బిగించుకునే రకం. వేగం తక్కువని వెక్కిరించినవాళ్లున్నారు. తర్వాత పెద్ద పొట్లాలూ, ఒక పొట్లానికి జవాబు రాకముందే తర్వాతిది పంపే పద్ధతీ వచ్చి ఆ లోటు చాలావరకు తీరింది.

కొలంబియావాళ్లు ప్రోగ్రామునూ దాని మూలాన్నీ టేపుల మీద ఎక్కించి అడిగినవాళ్లకు పంపేవారు. ఒక్కో దేశంలో ఒక్కొక్కరు తమ యంత్రానికి తగ్గట్టు రాసి తిరిగి పంపేవారు. డాస్ కెర్మిట్‌ను యూటాలోని ఆచార్యుడు జో డూప్నిక్ ఏళ్ల తరబడి మెరుగుపరిచారు. దాంట్లో ఫైళ్లు పంపడమే కాదు, మన పీసీ తెరను డెక్ వాళ్ల వీటీ టెర్మినల్‌లా మార్చి పెద్ద యంత్రంతో మాట్లాడించవచ్చు. మా ఆఫీసులో నేను పదేళ్లు ఆ తెర ముందే కూర్చున్నాను. 1987లో డా క్రూజ్ కెర్మిట్ మీద పుస్తకం రాస్తే, దానికి ముందుమాట రాసింది డొనాల్డ్ క్నూత్ అంతటివాడు.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మనదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. షెల్ ఖాతా ఉన్నవాళ్లకు తెర మీద అక్షరాలే, బొమ్మల్లేవు. ఫైలు కావాలంటే రెండు మజిలీలు. ముందు ఎఫ్‌టీపీతో వాళ్ల యంత్రంలోకి తెచ్చుకోవాలి. అక్కణ్ణుంచి ఫోను తీగ మీదుగా జెడ్‌మోడెమ్‌తోనో, కెర్మిట్‌తోనో ఇంటికి దింపుకోవాలి. చక్ ఫోర్స్‌బర్గ్ రాసిన జెడ్‌మోడెమ్‌కు ఒక మంచి గుణం ఉంది. లైను మధ్యలో తెగితే, మళ్లీ మొదటి నుంచి కాకుండా ఆగినచోట నుంచే అందుకుంటుంది. మన టెలిఫోన్లతో అది ఎంత వరమో ఆనాటివాళ్లకే తెలుసు.

ఆ ఏడాదే ఫిన్లాండ్‌లో టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. వాళ్ల విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు కాజేయడంతో, మాటంతా రహస్య లిపిలో సాగే దారి వేశారు. 1999లో సైమన్ టాథమ్ విండోస్ కోసం పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాము ఉచితంగా ఇచ్చారు. ఇప్పటి మన పిల్లలు సర్వర్లతో మాట్లాడేది ఎక్కువగా ఈ ఎస్‌ఎస్‌హెచ్ దారినే. 2011లో కొలంబియా తన కెర్మిట్ విభాగాన్ని మూసేసింది. మూసేముందు ఒక మంచి పని చేసింది. సీ-కెర్మిట్ మూలాన్ని ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది. డా క్రూజ్ ఆ తర్వాత కూడా సొంతంగా దాన్ని సవరిస్తూ వచ్చారు. అందువల్లే ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లో కూడా అది నడుస్తోంది.

ఇక మన గదిలోకి వద్దాం.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడి కూతురు ల్యాప్‌టాప్‌తో వచ్చింది. సీరియల్ కేబులులో పంపే తీగనూ అందుకునే తీగనూ అటుదిటు మార్చి కలిపాం. ల్యాప్‌టాప్ వైపు యూఎస్‌బీ మార్పిడి ముక్క పెట్టాం. "పెదనాన్నా, ఇంత తతంగం ఎందుకు? ఫైలును తిన్నగా పోర్టులోకి వదిలేస్తే ఇక్కడ పట్టుకుంటాను" అంది. సరే చూడమన్నాను. పాత యంత్రంలో పోర్టు ఏడు బిట్లకు పెట్టి ఉంది. తనూ ఇటువైపు అలాగే పెట్టింది. నిమిషాల్లో వచ్చేసింది. తెరిచి చూస్తే అంకెలూ, కామాలూ, ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. ఒక్క తెలుగు పేరు లేదు.

తన మొహం వాడిపోయింది. నాకు కారణం తెలుసు. జిస్ట్ కార్డు వాడేది ఇస్కీ లిపి సంకేతం. అందులో ఇంగ్లీషు అక్షరాలు కింది సగంలో, మన అక్షరాలు పై సగంలో ఉంటాయి. పై సగమని చెప్పేది ఎనిమిదో బిట్. అది దారిలో రాలిపోతే 'క' కాస్తా అంకె 3 అయిపోతుంది. "ఎనిమిది బిట్లకు మార్చి మళ్లీ వదులుదాం" అంది. "మార్చవచ్చమ్మా. కానీ మధ్యలో ఒక అక్షరం రాలితే మనకెవరు చెబుతారు? అవన్నీ మనుషుల పేర్లు" అన్నాను.

ఆ డిస్కులో నేను 1992లో ఎక్కించిన డాస్ కెర్మిట్ అలాగే ఉంది. ఇటు సీ-కెర్మిట్, అటు దాని తాతగారు. బైనరీ పద్ధతి పెట్టి పంపమన్నాను. తెర మీద పొట్లాల లెక్క పెరుగుతోంది. మధ్యలో నాలుగైదుసార్లు "మళ్లీ పంపు" పడింది. తను కుర్చీ అంచున కూర్చుంది. నేను డిస్కు చప్పుడు వింటున్నాను. పది నిమిషాలు కాకముందే పూర్తయిందని వచ్చింది. రెండువైపులా ఫైలు కొలత సరిచూశాం. ఒక్క బైటు తేడా లేదు. నమ్మకం చాలక ఇంకోసారి పంపి, రెండు ప్రతులనూ పోల్చి చూశాం.

ఇస్కీ నుంచి యూనికోడ్‌కు మార్చడం తనకు ఒక సాయంత్రం పని. యూనికోడ్‌లో మన అక్షరాల వరస ఇస్కీని చూసే పెట్టినది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. మర్నాడు ఉదయం ఫోనులో చదివి వినిపిస్తూ, ఒక వాక్యం దగ్గర ఆగింది. "పెదనాన్నా, ఇది మీ బ్యాచే కదా?" గుమాస్తాగారు టైపు చేసిన సగంలోది అది. ఎనిమిదిలో నా పక్కన బెంచీ మీద కూర్చున్నవాడి పేరు. పక్కన మాస్టారి వాక్యం: "తండ్రి పోగా మానినాడు. భిలాయిలో లారీ మెకానిక్. లెక్కలు బాగా చేసేవాడు."

యాభై ఏళ్లుగా వాడెక్కడున్నాడో నాకు తెలియదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని, భిలాయిలో ఉన్న మనవాళ్ల ద్వారా వెతికితే రెండు నెలలకు ఫోను కలిసింది. ఉత్సవానికి రమ్మన్నాను. కాసేపు పలకలేదు. "నేను పదో తరగతి చదవలేదు కదరా. నన్నూ పిలుస్తారా?" అన్నాడు. మాస్టారు రాసిన వాక్యం చదివి వినిపించాను. "లెక్కలు అని రాశారా?" అని మళ్లీ చదివించుకున్నాడు.

మిత్రులకు ఒక మనవి. మాస్టారి పట్టిక మొత్తం సంఘం గదిలో అచ్చువేసి పెట్టాం. అందులో ఇంకా ఆచూకీ తెలియని పేర్లు చాలా ఉన్నాయి. వచ్చినవాళ్లు చదవండి, తెలిసినవాళ్లుంటే చెప్పండి, తప్పులుంటే దిద్దండి. ఫైలు ప్రతులు మూడు వేరువేరు చోట్ల దాచాం. ఏడాదికొకసారి తెరిచి చూసే బాధ్యత మాత్రం తర్వాతి బ్యాచ్‌లవాళ్లు తీసుకోవాలి. ఏ యంత్రమూ శాశ్వతం కాదు. పాతది మూలపడకముందే కొత్తదానికి అప్పజెప్పి, "అందిందా?" అని అడిగి, "అందింది" అన్న మాట వినేదాకా పని పూర్తయినట్టు కాదు.