పొయ్యి నాది, మిద్దె ఎవరిది?

మా జేజి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. చిన్నప్పుడు నేను అది ఆమె కళ్ళ రంగే అనుకునేదాన్ని. అందరు జేజులకూ అలాగే ఉండేవి కాబట్టి ఎవరినీ అడగలేదు కూడా.

ఇడుపులపాయ అనగానే ఇప్పుడు అందరికీ 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ, 2009 తర్వాత వెలసిన రాజశేఖరరెడ్డి సమాధి గుర్తొస్తాయి. నాకు మాత్రం అక్కడికీ వేంపల్లెకూ మధ్యనున్న పల్లెల్లో పొద్దువాలే వేళ మట్టిమిద్దెల గవాచుల్లోంచి లేచే పొగ గుర్తొస్తుంది. బయటినుంచి చూసేవాళ్ళకు అది అందమైన దృశ్యం. గవాచిలోంచి బయటపడేది సగం పొగే. మిగతా సగం, కంది కట్టెదీ కంపదీ శెనక్కాయ పొట్టుదీ, లోపలున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయేది.

వంటింటి గురించి మనం చాలా రాశాం. వంటింటి చాకిరీ గురించి, గోడల గురించి, బయటికి రాలేకపోవడం గురించి రాశాం. పొయ్యి గురించి మాత్రం తక్కువ రాశాం. పొయ్యికి కూడా చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మా ఇంటి వంతు 1980ల చివర్లో వచ్చింది.

ఒకరోజు ఇద్దరు మగవాళ్ళు వచ్చి మా ఇంట్లో పొగలేని పొయ్యి కట్టిపోయారు. రెండు కళ్ళ పొయ్యి, వెనక సిమెంటు రేకు గొట్టం. జేజి కుండల మూతులు ఎంత వెడల్పో వాళ్ళు చూడలేదు. సంగటి గెలికేటప్పుడు పొయ్యిమీద ఎంత బలం పడుతుందో అడగలేదు. గొట్టం నిటారుగా మిద్దెలోంచి పైకి పోవాలని మాత్రం చెప్పారు. మా జేజినాయన ఒప్పుకోలేదు. మిద్దెకు తూటు పెడితే వాన కారుతుందన్నాడు. అందుకని గొట్టాన్ని గోడలోంచి పక్కకు తిప్పి, చూరు కిందనే ఆపేశారు. గాలి ఎదురు తిరిగిన రోజున పొగంతా మళ్ళీ ఇంట్లోకే వచ్చేది. మూడు నెలలకు ఆ గొట్టం ఊడి, జాలాటి నీళ్ళు పెరట్లోకి పోయే కాలువగా మారింది. పొయ్యి ఎందుకు పాడైందని అడిగితే జేజి, "పొయ్యి నాదేగానీ మిద్దె నాది గాదు గదమ్మీ" అంది.

చాలా ఏళ్ళ తర్వాత పొగలేని పొయ్యి చరిత్ర చదువుతుంటే ఆ మాటకు అర్థం తెలిసింది.

ఈ ఆలోచన జాతీయోద్యమ కాలానిది. 1947 ప్రాంతంలో వార్ధాలోని అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం మగన్ చూల్హాను తయారుచేసింది. తర్వాత మన హైదరాబాదులోనే, ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగల పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, 1953లో దానిమీద ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశారు. పొగ, మసి, సెగ, దుబారా, అగ్గిభయం ఈ అయిదింటి నుంచీ స్త్రీలకు విముక్తి కావాలన్నది ఆయన వాదన. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరేళ్ళు. పొగను ఒక ఇంజనీరు స్వాతంత్ర్య సమస్యగా చూడడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. కానీ ఆ విముక్తి ఇంటి పైకప్పులోంచి బయటికి పోవాలి. పైకప్పు మీద హక్కు ఎవరిదన్నది ఇంజనీరింగ్ ప్రశ్న కాదు.

ఆ ప్రశ్నను దగ్గరగా చూసిన స్త్రీ మధు శరీన్. ఆర్కిటెక్టు. 1980ల మొదట్లో చండీగఢ్ దగ్గర నాడా గ్రామంలో స్థానిక స్త్రీలతో కలిసి నాడా చూల్హాను రూపొందించారు. వండే మనిషి పాత్రలను బట్టి, వండే తీరును బట్టి పొయ్యి ఉండాలని, కట్టే చేతులూ స్త్రీలవే కావాలని ఆమె పని చెప్పింది. 1983లో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం దేశమంతటా విస్తరించేసరికి ఈ ఓపిక మిగల్లేదు. లక్ష్యాలు వచ్చాయి. 2002లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు లెక్కల్లోకెక్కాయి. మా ఇంట్లోదీ అందులో ఒకటై ఉంటుంది. ఊడిన గొట్టాన్ని ఎవరూ లెక్కవేయలేదు.

పొయ్యిని క్షేమంగా పెట్టడమంటే ఏమిటో నేను నేర్చుకున్నంత వరకు చెప్తాను. ఇందులో ప్రతి అడుగుకూ ఇంటి రాజకీయం ఉంది. గొట్టం వీలైనంత నిటారుగా ఉండాలి. వంపు పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గి, మసి పేరుకుంటుంది. కొస కప్పుకంటే ఎత్తుగా ఉండాలి, లేకపోతే గాలి పొగను వెనక్కి నెడుతుంది. బోద కొట్టంలో గొట్టం గడ్డిని తాకకూడదు. మధ్య ఖాళీ వదిలి రేకూ మట్టీ అడ్డం పెట్టాలి, లేదంటే ఏదో ఒక రోజు ఇల్లే అంటుకుంటుంది. లోపల పేరుకున్న మసి కూడా మండుతుంది కాబట్టి క్రమం తప్పకుండా దులపాలి. గొట్టం మూసుకుపోతే పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిలుస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. గొట్టం ఉంది కదా అని కిటికీ మూయకూడదు. ఆనాడు చాలాచోట్ల వాడినది ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టం. దాన్ని రంపంతో కోస్తే లేచే దుమ్ము క్యాన్సర్ తెస్తుంది. పొగ నుంచి కాపాడడానికి ఆ గొట్టాన్ని మా వంటింట్లోనే నిలబెట్టి కోశారు.

మరి మసి దులిపేదెవరు? మిద్దె ఎక్కాలి. మా ఊళ్ళో కోడలు పట్టపగలు మిద్దె ఎక్కి నిలబడితే ఊరంతా చూసేది. మగవాళ్ళకు అది ఆడవాళ్ళ పని, ఆడవాళ్ళకు అది ఎక్కకూడని చోటు. గొట్టాలు మూసుకుపోయింది మసితో మాత్రమే కాదు.

రెమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ ఒడిశా పల్లెల్లో ఏళ్ళ తరబడి చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. మెరుగైన పొయ్యి మొదటి ఏడాది పొగను తగ్గించింది. తర్వాత ఆ లాభం కనిపించలేదు. మరమ్మతు లేక పొయ్యిలు పాడయ్యాయి, వాడకం తగ్గింది. ఆ ఫలితం చదివినప్పుడు నాకు మా పెరట్లోని గొట్టం కనిపించింది.

నష్టం ఎంతో మన దగ్గరి లెక్కే చెప్తుంది. కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాద్, రంగారెడ్డి, వరంగల్ జిల్లాల్లో నాలుగు వందలకు పైగా ఇళ్ళను కొలిచి 2004లో ప్రచురించింది. 24 గంటల సగటున, ఊపిరిలోకి పోగల ధూళి గ్యాస్ వాడే ఇళ్ళలో ఘనమీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్ళలో 732 దాకా ఉంది. ఇంటి లోపలి పొగవల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గ్యాస్ వచ్చింది కదా, ఇంకా ఈ పాత గోడు ఎందుకు అనవచ్చు. 1999లో దీపం పథకం స్వయంసహాయక బృందాల స్త్రీలకు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు సిలిండర్ల ఉచితం మొదలైంది. కనెక్షన్ స్త్రీ పేర రావడం చిన్న విషయం కాదు. కానీ సిలిండర్ అయిపోతే మళ్ళీ డబ్బు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే మాట. సంగటికీ, స్నానాల నీళ్ళకూ, పశువుల దాణాకూ కట్టెపొయ్యి మిగిలే ఉంది. పొగ కొంత పెరట్లోకి జరిగింది, అంతే.

పోయినేడు మా చిన్నాయన కోడలు కొత్త ఇంటికి స్లాబు వేయిస్తుంటే వెళ్ళాను. లోపల గ్యాస్ గట్టు, పక్కన వసారాలో కట్టెపొయ్యి. కడ్డీలు పరుస్తున్న మేస్త్రీ దగ్గర నిలబడి ఆ పిల్ల, "ఈడ గొట్టానికి తూటు ఇడిసిపెట్టన్నా, స్లాబు పోసినాక మళ్ళా పగలగొట్టేది కాదు" అని చెప్తోంది. మేస్త్రీ ఆమె మామవైపు చూశాడు. మామ ఏమీ అనలేదు. ఆమె రెండోసారి, ఈసారి కొంచెం గట్టిగా చెప్పింది. మేస్త్రీ టేపు తీసి, ఎంత వెడల్పమ్మా అని అడిగాడు.

మా జేజిని ఈ మాట ఎవరూ అడగలేదు.