బహుళ అంతస్తుల భవనాలు - అగ్నిమాపక సౌకర్యాలు: ఒక చారిత్రక పాఠం

మన సభ్యులలో చాలామంది పదవీ విరమణానంతరం పిల్లల వద్దకు చేరి, ఎత్తయిన అపార్టుమెంట్లలో నివసిస్తున్నారు. అట్టి భవనాల మెట్లదారిలో ఎర్రరంగు వేసిన లావుపాటి నీటి గొట్టం ప్రతిరోజూ మన కంటబడుతూనే ఉంటుంది. అది ముఖ్యంగా అగ్నిమాపక సిబ్బంది ఉపయోగార్థం నిర్మించినదని కొద్దిమందికే తెలుసు. దానిని గురించిన చరిత్ర మనమందరం తెలుసుకోదగినది.

ఫైరింజను నిచ్చెన ఎంత పొడవైనదైనా ఒక ఎత్తు దాటి పోజాలదు. అంతకు పైన సిబ్బంది భవనం లోపలి నుండే పోరాడవలె. వారికి నీరు, ఎక్కే దారి, వెలుతురు భవనమే సమకూర్చవలె. నీటిని నిలువుగా 10 మీటర్లు ఎక్కించడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి ఖర్చవుతుంది. పై అంతస్తుకు చాలినంత ఒత్తిడితో పంపు నడిపితే క్రింది అంతస్తులలో అది మితిమీరి, హోసు పట్టుకొన్న మనిషిని పడవేయగలదు. అందుచేత చాలా ఎత్తయిన భవనాలలో ఒత్తిడిని తగ్గించే వాల్వులు అమర్చుతారు.

ఈ చిన్న వాల్వు ఎంత పని చేయగలదో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో లోకానికి తెలిసివచ్చింది. అచ్చట సిటీ హాలుకు ఎదురుగా ‘వన్ మెరీడియన్ ప్లాజా’ అనే 38 అంతస్తుల కార్యాలయ భవనం ఉండేది. 1991 ఫిబ్రవరి 23వ తేదీ శనివారం రాత్రి 22వ అంతస్తులో మంటలు లేచాయి. చెక్కపనికి మెరుగు పెట్టినవారు వదలివెళ్ళిన నూనెగుడ్డలు వాటంతట అవే రాజుకొనడమే కారణం. కొద్దిసేపటికే కరెంటు పోయింది. అత్యవసర విద్యుత్తు కూడా అందలేదు. లిఫ్టులు ఆగిపోవడంతో సిబ్బంది చీకటిలో బరువైన సామగ్రిని భుజాన మోసుకొంటూ ఇరవైకి పైగా అంతస్తులు ఎక్కారు. తీరా హోసు తగిలిస్తే ధార బలహీనంగా వచ్చింది. అచ్చటి వాల్వులను మరీ తక్కువ ఒత్తిడికి బిగించి ఉంచారు! వాటిని సరిచేయగల సాంకేతికుడు వచ్చేసరికి గంటలు గడిచిపోయాయి. ఈలోగా సిబ్బంది మెట్ల వెంబడి పెద్ద గొట్టాలను పైదాకా పరచవలసి వచ్చింది.

మెట్లదారిలోని పొగను పైనుండి బయటికి పంపడానికి వెళ్ళిన ముగ్గురు అగ్నిమాపకులు దారి తప్పి, ఊపిరాడక మరణించారు. వారి దేహాలు 28వ అంతస్తులో దొరికాయి. చివరకు భవనం కూలుతుందేమోనన్న భయంతో అధికారులు అందరినీ వెనుకకు పిలిచారు. అయినా 30వ అంతస్తు వద్ద మంట ఆగిపోయింది. కారణం, ఆ అంతస్తులో స్ప్రింక్లర్లు ఉండడమే. ఎనిమిది అంతస్తులను దహించిన అగ్నిని 10 స్ప్రింక్లర్లు నిలువరించాయి. వాటికి నీరు క్రిందనున్న ఫైరింజన్లే అందించాయి. సుమారు 19 గంటలకు మంటలు అదుపులోకి వచ్చాయి. మరల వాడుకలోకి రాని ఆ భవనాన్ని 1999లో కూల్చివేశారు.

ఈ ఘోరం వృథా పోలేదు. 1993లో అమెరికా ప్రమాణాలలో అట్టి గొట్టాల చివర ఉండవలసిన కనీస ఒత్తిడిని చదరపు అంగుళానికి 65 పౌండ్ల నుండి 100 పౌండ్లకు పెంచారు. అయినప్పటికీ ఏమరుపాటు లోకం నుండి పోలేదు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవరు అగ్నిప్రమాదంలో 72 మంది మరణించారు. ఆనాడు అగ్నిమాపకులు లిఫ్టులను తమ అదుపులోకి తీసుకొనజాలకపోయారని విచారణలో తేలింది.

మన దేశంలో జాతీయ భవన నిర్మాణ స్మృతి మొదట 1970లో వెలువడింది. 2016 నాటి ప్రతి ప్రకారం 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తుగల భవనం ఎత్తయిన భవనంగా పరిగణింపబడుతుంది. అగ్నిమాపకుల లిఫ్టు క్రిందనుండి చిట్టచివరి అంతస్తుకు ఒక్క నిమిషంలో చేరవలెనని అందులో ఉన్నది. నిబంధనలకు మనకు లోటు లేదు. ఫైలులో సర్టిఫికెట్టు ఉండుట వేరు, వాల్వు తిరుగుట వేరు. జీవితమంతా ఫైళ్ళతో గడిపిన మనకు ఈ భేదం ఇంకొకరు చెప్పనక్కరలేదు.

కావున మిత్రులకు నా మనవి. అపార్టుమెంటు సంఘం సమావేశాలకు తీరికగా హాజరు కాగలవారం మనమే. పంపును ఎప్పుడు నడిపి చూశారు? పైఅంతస్తులో హోసు తగిలిస్తే ధార వస్తున్నదా? కరెంటు పోతే ఆ పంపు, లిఫ్టు జనరేటరుపై నడుస్తాయా? మెట్లమీద పాత సామాను, గేటు ముందు కార్లు అడ్డుగా ఉన్నాయా? ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను మినిట్సు పుస్తకంలో వ్రాయించండి. మంటల సమయంలో మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేక లోపల చిక్కుపడేది ముందు మన వయస్సువారే. మన కోసం మెట్లెక్కి వచ్చేవాడు కూడా ఒక తల్లి బిడ్డే. అతని చేతికి నీరు అందేటట్లు చూడడం మన విధి.