శిరస్సునకు తగిన శిరస్త్రాణము

1935వ సంవత్సరము మే 13వ తేదీన ఇంగ్లండులోని డార్సెట్ సీమలో టి. ఇ. లారెన్సు మోటారు సైకిలుపై పోవుచు, దారిలో హఠాత్తుగా కనబడిన ఇద్దరు సైకిలు బాలురను తప్పింపబోయి పడిపోయెను. అరేబియా లారెన్సుగా లోకమెరిగిన ఈ సైనికుడు తలగాయముతో ఆరు దినములు పోరాడి మరణించెను. ఆనాడు ఆయన తలపై శిరస్త్రాణము లేదు. చూచుటకు వచ్చిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడొకడు ఉండెను.

శిరస్త్రాణము అప్పటికి క్రొత్త వస్తువు కాదు. కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టిపరచిన టోపీలను మాన్ ద్వీపపు పందెములలో 1914లోనే తప్పనిసరి చేసిరి. కాని పందెగాండ్రకు తగినది దారిన పోవువారికిని కావలెనని అంతగా ఎవరును తలపలేదు. కెయిర్న్సు 1941లో ప్రకటించిన వ్యాసము ఈ ధోరణిని మార్చెను. రెండవ ప్రపంచయుద్ధపు మొదటి 21 నెలలలో బ్రిటనులో 2,279 మంది మోటారు సైకిలు నడుపరులు, వెనుక కూర్చున్నవారు మరణించిరనియు, మరణకారణములలో తలగాయమే ముఖ్యమనియు అందు చూపెను. శిరస్త్రాణము ధరించి ప్రమాదమునకు గురియైనవారు ఆయనకు ఏడుగురే దొరికిరి, ఏడుగురును బ్రతికిరి. ఏడు అన్నది చిన్న సంఖ్యయే. అయినను ఆ యేడు నవంబరులోనే సైన్యము తన వాహకులకు శిరస్త్రాణమును విధించెను. బ్రిటనులో అది అందరికిని చట్టమైనది 1973లో. కెయిర్న్సు 1952లోనే గతించెను.

గట్టి చిప్ప ఒక్కటియే తలను కాపాడజాలదు. సెకనుకు 6 మీటర్ల వేగముతో పోవు తల 2 మిల్లీమీటర్లలో ఆగినచో దాని ఋణత్వరణము గురుత్వత్వరణమునకు సుమారు 900 రెట్లుండును. 20 మిల్లీమీటర్లలో ఆగినచో 90 రెట్లే. ఆ కొద్దిపాటి దూరమును సంపాదించుటకే లోపల నలిగిపోవు అస్తరు కావలెను. అమెరికాలో లొంబార్డు, రోత్ అనువారు ఇట్టి అస్తరు గల శిరస్త్రాణమునకు 1953లో పేటెంటు పొందిరి. నేడు మనము థర్మోకోలు అనెడు పదార్థమే సాధారణముగ ఆ పని చేయుచున్నది. అయితే అది తల ఆకారమునకు ఒదుగదు, దెబ్బ తగిలినప్పుడే నలుగును. కొన్నాళ్ళకు అణగి ఒదుగునది దానిపై నున్న మెత్త మాత్రమే.

ఇక తల కొలత సంగతి. దుకాణములో టేపుతో నుదుటి చుట్టును కొలిచి అంకె చెప్పుదురు. ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న లెక్క చేయించవచ్చును. 20 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు గల ఒక దీర్ఘవృత్తము, 19 పొడవు, 17 వెడల్పు గల మరియొకటి గీయుడు. రెంటి చుట్టుకొలతలును 56½ సెంటీమీటర్లకు కొంచెము పైన. భేదము ఒక మిల్లీమీటరు పైచిలుకే. టేపునకు రెండు తలలు ఒకటే. కాని కోలతలవాడు గుండ్రని శిరస్త్రాణము పెట్టుకొన్నచో నుదురు నొప్పిపుట్టును, కణతలవద్ద ఖాళీ మిగులును. గుండ్రని తలవానికి కోలదానిలో కణతలు నొక్కుకొనును. నొప్పి భరింపలేక ఒక సైజు పెద్దది కొనువారు పలువురు. అది తలపై తిరుగును. పడినప్పుడు ఊడిపోవు భయమును కలదు.

ముఖమునంతటిని కప్పు శిరస్త్రాణమును అమెరికాలోని బెల్ సంస్థ 1968లో మోటారు సైకిలువారికి తెచ్చెను. గడ్డము ముందరి కవచము అనవసర భారము కాదు. జర్మనీలో ప్రమాదములను పరిశీలించిన ఆటె అను పరిశోధకుని లెక్కలో దెబ్బలలో మూడవ వంతు ఆ భాగమునకే తగిలినవి. కాని దానిని తొడుగుట ఇబ్బంది. కళ్ళజోడువారికి మరింత ఇబ్బంది. 1981లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆ కవచమును కీలుపై పైకెత్తగల శిరస్త్రాణమును వెలువరించెను. మాడ్యులర్ అని నేడు పిలుచునది ఇదియే.

సౌఖ్యమున దీనికి సాటి లేదని కొందరందురు. కళ్ళజోడు తీయనక్కరలేదు, ఆగినచోట నీరు త్రాగవచ్చును, మాటలాడవచ్చును; నిజమే. దానికి చెల్లించు వెలయు కలదు. కీలు, కొక్కెముల వలన సాధారణముగ నూరు, రెండు నూరుల గ్రాముల బరువు పెరుగును. అతుకులవద్ద గాలి మ్రోత హెచ్చును. వీనికంటె ముఖ్యమైనది కొనుగోలుదారు మోసపోవు తీరు. కవచమెత్తి తల దూర్చినప్పుడు ఏ సైజైనను సుఖముగనే ఉండును. ఇరుకు తెలియునది కవచము మూసి, పట్టీ బిగించిన తరువాతనే. బుగ్గలను మెత్తలు ఒత్తవలెను, గడ్డము కవచమునకు తగులరాదు, తలను అటునిటు త్రిప్పినప్పుడు చర్మము దానితోనే కదలవలెను. వెనుక నుండి పైకెత్తి ముందునకు త్రోసినను అది ఊడి రాకూడదు. అట్లు ఒక పావుగంట ఉంచుకొని, తీసిన పిమ్మట నుదుట ఎఱ్ఱని మచ్చ పడినదేమో అద్దములో చూచుకొనవలెను.

ఐరోపా ముద్రలలో 'పి' అక్షరము గడ్డమును కాపాడునదానికి, 'జె' కాపాడనిదానికి గుర్తులు. రెండును కలిసియున్నచో మూసియు, తెరచియు వాడుటకు పరీక్షింపబడినదని అర్థము. మనదేశపు 1988 మోటారు వాహనముల చట్టము 129వ విభాగము శిరస్త్రాణము పట్టీతోనో మరే బిగింపుతోనో తలకు భద్రముగ కట్టబడవలెనని చెప్పుచున్నది. తల కోలయో గుండ్రమో చూచుకొను పని కొనువానిదే.