ఫోటోల పిల్ల వేరు

మా అమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి హాల్లో పెట్టడానికి ఒక పెద్ద ఫోటో కావాలన్నాడు తమ్ముడు. "అక్కా, అమ్మ పాత ఫోటోలు నీ దగ్గరనే వున్నయి గద. మంచిది చూసి కరీంనగర్ల పెద్దగ చేయించు" అని ఫోను. సరేనని ట్రంకుపెట్టె దించాను.

పెట్టెనిండా వెతికితే పనికొచ్చేవి రెండే దొరికాయి. ఒకటి 1956లో, అమ్మకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో తీయించింది. లేత కాఫీ రంగులో వుంటుంది. అరవై ఎనిమిదేళ్లు దాటినా నిన్న మొన్న కడిగి ఆరేసినట్టుంది. అందులో అమ్మ ముఖం పాలమీగడంత నున్నగా వుంటుంది. రెండోది 1983లో బాపు రిటైరైనప్పుడు పెన్షను కాగితాల కోసం ఇద్దరూ కలిసి దిగింది. ఉత్త నలుపు తెలుపు. అర్జంటుగా కావాలంటే గంటలో కడిగి ఇచ్చారట. అంచులు పసుపుపచ్చగా మారాయి, ఓ మూల చెద కొరికింది. అందులో అమ్మ బుగ్గల మీదా, ముక్కు మీదా స్ఫోటకపు మచ్చలు లెక్కపెట్టవచ్చు.

రెండూ పట్టుకొని దుకాణానికి వెళ్లాను. కంప్యూటరు ముందున్న కుర్రాడు రెండో ఫోటోను పెద్దది చేసి చూసి, "ముఖం మీద మొత్తం ఫంగస్ పట్టింది ఆంటీ. రెండు నిముషాలల్ల క్లీన్ చేస్త. కొంచెం ఫెయిర్ గూడ చేస్త" అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, కడుపులో ఏదో కలుక్కుమనీ అనిపించింది. పాపం వాడి తప్పేముంది? మన దేశంలో పుట్టిన చివరి మశూచి కేసు 1975 మే నెలలో బీహార్‌లో కనబడింది. 1977లో దేశానికి ఆ పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ఆ మచ్చలున్న ముఖాన్ని వాడు పుట్టిన తర్వాత ఎన్నడూ చూసి వుండడు. ఫోటోకు పట్టిన బూజే అనుకున్నాడు.

"రేపు చెప్తా నాయనా" అని రెండూ తిరిగి తెచ్చుకున్నాను. నిజానికి ఆ కుర్రాడు చేస్తానన్న పని 1956లోనే ఒకాయన చేసిపెట్టాడు. ఆ కథ చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఫోటోలో ముఖాన్ని దిద్దడం కంప్యూటర్లతో వచ్చిన విద్య కాదండీ. 1855లో పారిస్ ప్రదర్శనలో హాన్ఫ్‌స్టెంగ్ల్ అనే జర్మన్ ఫోటోగ్రాఫరు ఒకే మనిషి ఫోటోలు రెండు పక్కపక్కన పెట్టాడు, నెగెటివ్‌ను దిద్దకముందుది ఒకటి, దిద్దినది ఒకటి. చూసినవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. ఆ తరువాత ఏ దొరసానీ దిద్దని ఫోటో ఒప్పుకుంటే ఒట్టు!

మన వైపు స్టూడియోల్లో దీన్ని "టచింగ్" అనేవారు. ఏటవాలు బల్ల మీద గరుకు అద్దం, దాని మీద నెగెటివ్, కింద వెలుతురును పైకి కొట్టే మామూలు అద్దం. నెగెటివ్ నున్నగా వుంటుంది కనుక పెన్సిలు పట్టదు. అందుకని ముందు కాస్త జిగురు మందు రాసేవారు. తరువాత సూదిలా చెక్కిన గట్టి పెన్సిలుతో చుక్కలూ సున్నలూ చుట్టుకుంటూ పోవడమే. నెగెటివ్‌లో అంతా తలకిందులు కదా! అక్కడ నలుపు పెడితే ఫోటోలో తెలుపవుతుంది. ముడత నీడ మీద పెన్సిలు రాస్తే ముడత మాయం. కంటి కింద రాస్తే వయసు పదేళ్లు తగ్గుతుంది. ముగ్గుపిండితో గచ్చు మీది పగుళ్లు కప్పేయడం లాంటిదనుకోండి.

మన ఆడవాళ్లకు ఈ పెన్సిలు అవసరం మరీ ఎక్కువ పడడానికి ఒక కారణం వుంది. పాతకాలపు ఫిలిముకు ఎరుపు కనబడదు. ఎరుపు దానికి నలుపే. తాతలనాటి ఫోటోల్లో ముత్తైదువుల కుంకుమబొట్టు కాటుక చుక్కలా వుండేది అందుకే. మన చామనచాయలో ఎరుపు పాలు వుంటుంది కనుక ఒంటిరంగు కూడా ఉన్నదానికంటే నల్లగా పడేది. అన్ని రంగులనూ పట్టుకునే పలకలు 1906లోనే సీమలో అమ్మకానికి వచ్చాయి. కానీ పాత ఫిలిమును ఎర్రదీపం వెలుగులో చూసుకుంటూ కడగవచ్చు. కొత్తదాన్ని కటిక చీకట్లో కడగాలి. అందువల్ల చిన్న స్టూడియోల వాళ్లు పాతదాన్ని ఒక పట్టాన వదల్లేదు. ఫిలిము చేసిన నలుపును పెన్సిలు తెలుపు చేసేది. "ఫోటోలో తెల్లగా పడ్డావే" అన్న మాట మనిళ్లలో అలా పొగడ్తగా నిలిచిపోయింది.

అసలు మన ఆడవాళ్లు కెమెరా ముందుకు రావడమే ఒక చరిత్ర. కరీంనగర్, ఆదిలాబాద్ 1948 దాకా నిజాం రాజ్యంలోవి. ఆ రాజ్యపు ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్. ఆయన హైదరాబాదులో 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిపించాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల ఫోటోలు తీసేది లెవిక్ అనే దొరసాని. అది నవాబుల ఇళ్ల మాట. మా జగిత్యాల దాకా ఆ ముచ్చట రావడానికి మరో రెండు తరాలు పట్టింది. అదీ పెళ్లి సంబంధం వంకతో వచ్చింది.

అమ్మకు ఎనిమిదో ఏట తల్లి పోసింది. మా వైపు ఆ జబ్బును పేరు పెట్టి పిలవరు. పోచమ్మకు బోనం చెల్లించి, బతికితే చాలనుకుంటారు. అమ్మ బతికింది. మచ్చలు మిగిలాయి. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి మూడు సంబంధాలు వచ్చినట్టే వచ్చి తిరిగిపోయాయి. అప్పుడు మా మేనమామ అమ్మను కరీంనగర్ తీసుకెళ్లి ఒక స్టూడియోలో కూర్చోబెట్టాడు. ఫోటో తీసినాయన అమ్మ ముఖం చూసి, "ఫికరు చెయ్యకండి, నేను చూసుకుంట" అన్నాడట.

మచ్చంటే చిన్న గుంట. పక్కనుంచి వెలుతురు పడితే గుంటలో నీడ నిలుస్తుంది. ఎదురుగా పడితే నీడ వుండదు. ఆయన ముందు దీపాన్ని అమ్మకు సరిగ్గా ఎదురుగా పెట్టాడు. మిగిలిన నీడలను పెన్సిలుతో పూడ్చేశాడు. ఆఖరున, మేనమామ ఇంకో రూపాయి ఎక్కువిస్తే, "బ్రౌన్ టోన్" చేసి ఇచ్చాడు.

ఈ టోనింగ్ సంగతి మా కరీంనగర్ ఆడవాళ్లకు చెప్పడం సులువు. మా వెండి తీగపని, అదే ఫిలిగ్రీ, 2007లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. ఇంట్లో కుంకుమ భరిణో, అత్తరుదానో వున్నవాళ్లకు తెలుసు, వెండి వూరికే వుంచితే గాలికి నల్లబడుతుంది. ఫోటోలోని నలుపంతా వెండి పొడే. దానికీ అదే గండం. హైపో సరిగా కడగకపోతే మరీ తొందరగా పసుపుబారుతుంది, మా 1983 ఫోటోలాగా. టోనింగ్ అంటే ఆ గండాన్ని ముందే కావాలని తెచ్చి దాటించడం. ఒక మందులో వేసి బొమ్మను వెలవెలబోయేలా చేస్తారు. తరువాత సోడియం సల్ఫైడులో ముంచుతారు. కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడుతుందట! వెండి కాస్తా వెండి సల్ఫైడవుతుంది, బొమ్మ గోధుమరంగులో తిరిగి తేలుతుంది. ఇక గాలి దాన్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు. దీన్‌దయాళ్ కాలంలో ఇదే రక్షణ కోసం బంగారపు ద్రావణం వాడేవారు. రంగు అందం కోసమే అనుకుంటాం గానీ, అసలు దక్కేది ఆయుష్షు.

అంటే చూడండి, మా ఇంట్లో జరిగింది! లేని ముఖానికి నూరేళ్ల ఆయుష్షు పోశారు. ఉన్న ముఖం నలభై ఏళ్లకే చెదల పాలైంది.

ఆ కాఫీరంగు ఫోటో మంచిర్యాల వెళ్లింది. చూపులకు తాత ఒక్కడే వచ్చాడు, దీపాలు పెట్టే వేళకి. అమ్మ తల ఎత్తలేదు. నాయనమ్మ చూసింది ఫోటోనే. పెళ్లిపీటల మీద తొలిసారి కోడలి ముఖం చూసి, పదిమందిలో అనేసింది: "ఫోటోల పిల్ల వేరు, పీటల మీది పిల్ల వేరు." ఆ మాట అక్కడితో ఆగలేదు. కూరలో ఉప్పెక్కువైనా, బర్రె పాలు తప్పినా అదే మాట. నాకు ఊహ తెలిసేనాటికి అది మా ఇంట్లో సామెతైపోయింది.

"ఆ ఫోటో తీసినాయన మీద కోపం లేదానే?" అని ఒకసారి అమ్మనడిగాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఆయన నాకు మేలు జేసిండో కీడు జేసిండో ఇప్పటికీ తెల్వది బిడ్డా. పాపం మంచికే జేసిండు. గా ఫోటో లేకుంటే నువ్వు లేవు" అంది. బాపు ఈ గొడవలో ఎన్నడూ నోరు విప్పలేదు. కానీ ఆయన పోయాక పెన్షను పుస్తకం తెరిస్తే అందులో 1983 నాటి జంట ఫోటో వుంది. ఆ కాఫీరంగు ఫోటోను ఆయన ఏనాడూ దగ్గర పెట్టుకున్నది నేను చూడలేదు.

ముఖాన్ని ఉన్నదున్నట్టు వుంచిన ఫోటోలు కూడా మా వైపే వున్నాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండుల మధ్య కాపురమున్నాడు. మార్లవాయి ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో వుంది. భార్యాభర్తలిద్దరి సమాధులూ అక్కడే. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో భద్రంగా వున్నాయి. వాటిలోని గోండు స్త్రీలను ఏ పెన్సిలూ ముట్టలేదు. ఎండకు కమిలిన చెంపలు, ముడతలు ఎలా వున్నవి అలాగే వున్నాయి. వాళ్లకు పచ్చబొట్టు నగలాంటిది. తోటి తెగ ఆడవాళ్లు పొడుస్తారు. అయితే అందులోనూ ఒక మెలిక వుంది. ఆ కాలపు అలాంటి గ్రంథాల్లో బొమ్మ కింద మనిషి పేరు వుండడం అరుదు, తెగ పేరే వుండేది. అక్కడ ముఖం మిగిలింది, పేరు పోయింది. మా అమ్మకు పేరు మిగిలింది, ముఖం పోయింది. ఆడదాని ఫోటో ఎవరికోసం తీశారన్నదాన్ని బట్టే అందులో ఏం వుంచాలో, ఏం తీసెయ్యాలో తేలిపోయేది.

మర్నాడు మళ్లీ దుకాణానికి వెళ్లాను. 1983 ఫోటోను కుర్రాడి ముందు పెట్టి, "పసుపు మరకలు తియ్యి. చెద కొరికిన మూల పూడ్చు. ముఖం మీద చెయ్యి పెట్టకు" అన్నాను.

"ఫంగస్ ఆంటీ..."

"అది ఫంగస్ కాదు నాయనా, మా అమ్మ. చిన్నప్పుడు తల్లి పోసి బతికింది."

వాడు ఒక్క క్షణం తెర వంక చూసి, మౌసు మీంచి చెయ్యి తీశాడు. "మా నాయనమ్మకు గూడ వుండెనట ఆంటీ. ఫోటోల మాత్రం లేవు" అన్నాడు మెల్లగా.

తరువాత ఏ రంగు కావాలని అడిగాడు. బ్రౌన్ చెయ్యమన్నాను. కంప్యూటరు బ్రౌన్ వుత్త రంగేనని, అందులో వెండీ లేదు, గంధకమూ లేదని నాకు తెలుసు. అయినా ఆ కాఫీరంగు ఈసారి ఈ ముఖానికి దక్కాలనిపించింది.

ఫోటో హాల్లో పెట్టాం. మరదలు కాసేపు నిలబడి చూసి, "అత్తమ్మ అచ్చం అత్తమ్మ తీర్గనే వున్నది వదినా" అంది.