తీరప్రాంతపు కన్యల పట్టిక

ఈనాడు పదమూడు మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల బాలబాలికలు మిక్కిలి మక్కువతో చదువు నవలలలో ఒక జాతి గలదు. అందు రాజ్యము క్రూరము; పెద్దలు నిస్సహాయులు, లేదా ఆ క్రౌర్యమున భాగస్వాములు. పసివారు తమ ప్రాణములను తామే కాచుకొనవలెను. ఒక్కొక్కచో దయ్యములు, మాంత్రికులు కూడ వచ్చి చేరుదురు. అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో ప్రకటించిన ‘ది హంగర్ గేమ్స్’ ఈ జాతికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అందు పండ్రెండు మండలములు ఏటేట చీట్లు వేసి, పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల లోపలి వారిలో ఒక బాలుని, ఒక బాలికను ప్రభుత్వమునకు అప్పగింపవలెను. వారందరు ఒకరినొకరు చంపుకొనగా కడకు మిగిలినవారే విజేత. ఇట్టి ఘోరమును పిల్లలు ఏల చదువుదురని తలిదండ్రులు విస్తుపోవుచున్నారు. మనకట్టి విస్మయము అక్కరలేదు. ఈ కథ మన యింట పాతదే.

ఏకచక్రపురమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆ యూరి చెంత బకాసురుడున్నాడు. వంతు ప్రకారము ఇంటికొక మనిషి బండెడన్నముతో వానికి ఆహారమై పోవలెను. కుంతియు పాండవులును తలదాచుకొన్న బ్రాహ్మణుని యింటికి వంతు వచ్చినది. ఎవరు పోవలెనన్న తర్కము తల్లిదండ్రుల నడుమ సాగుచుండగా, మాటలైనను సరిగా రాని కొడుకు ఒక గడ్డిపరకను చేతబట్టి దీనితో రాక్షసుని చంపెదనని ముందునకు వచ్చినట్లు వ్యాసుడు చెప్పెను. అంతటి దుఃఖములోను ఇంటిల్లిపాదికి నవ్వు వచ్చినది. అంతకుముందే కూతురు మాటాడినది. ఆమె మాట ఎవరికిని నవ్వు తెప్పింపలేదు. ఆడపిల్ల ఎప్పటికైనను ఒకరికి ఇచ్చివేయవలసినదే కదా, ఆ విడుచుట ఇప్పుడే విడిచి తక్కినవారు బ్రదుకుడని ఆమె వాదము. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు ఆదిపర్వమును తెనిగించిన నాటినుండి ఈ కథ తెలుగు నేలపై వినబడుచునే యున్నది. భీముడు వచ్చి బకుని చంపెను గనుక పిల్లలిద్దరు బ్రదికిరి. కాని రాక్షసుడు చచ్చినను ఆ బాలిక తర్కము చావలేదు.

అది చావలేదనుటకు సాక్ష్యము మన ఉత్తర తీరముననే యున్నది. విజయనగరమునకు ఆగ్నేయమున, కలకత్తా చెన్నపట్టణములను కలుపు రహదారిమీద భోగాపురమున్నది. దానికి తూర్పున ముక్కాము మొదలైన పల్లెకారుల గ్రామములు, వాని కావల సముద్రము. నేడు విజయనగరము జిల్లాలోనున్న ఈ సీమ 1979 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ జిల్లా తీరప్రాంతమును గూర్చియే, పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున, విజయనగర మహారాజు ఆనందగజపతి ఒక పట్టిక తయారు చేయించెను. అది పన్నుల పట్టిక కాదు, పంటల పట్టిక కాదు. సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున శుల్కము పుచ్చుకొని జరిపిన పెండ్లిండ్ల పట్టిక. గురజాడ అప్పారావు తన ‘కన్యాశుల్కము’ నాటకము 1897లో తొలిసారి అచ్చయినప్పుడు, ఇంగ్లీషున వ్రాసిన పీఠికలో ఆ అంకెలను పొందుపరచెను.

లెక్కకు వచ్చిన పెండ్లిండ్లు 1034. ఏటికి సగటున 344. అందు అయిదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ చంటిపిల్లల వెల ఒక్కొక్కరికి 350 మొదలు 400 రూపాయలు. గర్భమందున్న శిశువునకు కూడ బేరము కుదురుట కలదని గురజాడ వ్రాసెను. పట్టిక సమగ్రము కాదనియు ఆయనయే చెప్పెను. మనము కూడి చూచినచో, అయిదేండ్లును అంతకు లోపును గల పిల్లలు 188 మంది యగుచున్నారు. అనగా ప్రతి పదకొండు పెండ్లిండ్లలో రెండు, ఇంకను పాలపండ్లు ఊడని పిల్లలకు జరిగినవే.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. వధువు ఇంటివారికి ధనమిచ్చుట, అనగా ఓలి, ఈ ప్రాంతమున పెక్కు కులములలో నుండెను. ఓలి యిచ్చుటయే దోషమని మేము చెప్పుట లేదు. పొలమున తల్లితోపాటు కష్టించు పడుచు వేరొక యింటికి పోవునపుడు, పుట్టినింటికి కలిగిన లోటును ఓలి పూడ్చెడిది. పట్టికలోని విషయమది కాదు. ఇచ్చట కొనువాడు తరచుగా ముదుసలి, అమ్ముడుపోవునది పసిబిడ్డ. ఆ ముదుసలి నాలుగైదేండ్లలో గతించినచో, కాపురమన నేమో ఎరుగని పిల్ల వితంతువై, బ్రదికినన్నాళ్లు అట్లే బ్రదుకవలెను. హంగర్ గేమ్సులో చీటీ ఎవరి పేర వచ్చునో తెలియదు. ఈ తీరమున చీటీ యక్కరలేదు. ధర కుదిరినచో చాలును. ఆ నవలలో పిల్లలను అప్పగించు తల్లులు ఏడ్తురు. ఇక్కడ సన్నాయి వాయించిరి, విందులు చేసిరి. ఈ ఆచారమును మాన్పుటకై మదరాసు శాసనసభలో మహారాజు బిల్లు ప్రవేశపెట్టెను గాని అది చట్టము కాలేదు.

ఇట్టి సీమ తన పిల్లల గూర్చి ఎట్టి కథలు చెప్పుకొన్నదో చూతము. బాలురకు ఒక రీతి కథ కలదు. 1757 జనవరి 24న బుస్సీ సేనలు, విజయనగర సేనలు బొబ్బిలి కోటపై బడినప్పుడు, కోటలోని స్త్రీలు, పిల్లలు ఆ దినముననే హతులైరి. కాని రాజకుమారుడు చినరంగారావు, నాలుగేండ్ల పసివాడు, బ్రదికి బయటపడెను. తరువాత బొబ్బిలి సంస్థానము ఆయనదే యయ్యెను. 1794 జూలై 10న, భోగాపురమునకు సమీపముననున్న పద్మనాభము కొండ దగ్గర, కుంఫిణీ సేనతో పోరాడి చినవిజయరామరాజు మరణించెను. ఆయన బాలకుమారుడు నారాయణబాబు కొండదొరల అండ జేరి బ్రదికి, మరల గద్దె నెక్కెను. బాలుడు బ్రదికినచో వంశము బ్రదికినది. కనుక వానిని బ్రదికించుటకు ఎవరో ఒకరు పూనుకొనిరి. వాని కథను చరిత్ర వ్రాసికొన్నది.

బాలికకు వేరొక కథ. బొబ్బిలి యుద్ధానంతరము విజయనగరపు రాజు సోదరి, పడుచుపిల్ల, అన్నగారి మృతికి శోకించి దేహము విడిచి పైడితల్లియై వెలసెనని స్థలకథ చెప్పును. దసరా వెళ్లిన తరువాతి మంగళవారమున జరుగు సిరిమానోత్సవమునకు ఈనాటికిని లక్షలాది జనులు విజయనగరము వత్తురు. చిన్నతనమున అకాలమృతి చెందిన ఆడపిల్లలను పేరంటాలుగా కొలుచుట ఈ జిల్లాల పల్లెలలో కలదు. గురజాడ గేయ కథలలోను ఈ జాడయే కనబడును. ముసలివానికి అమ్మబడిన పూజారి కూతురు పూర్ణమ్మ దుర్గకొలనునకు పోయి తిరిగి రాలేదు. రాజు కన్ను పడిన కన్యక అగ్నిలో దూకెను. ఇవి మనసును కలచు కథలు; భక్తితో చెప్పుకొను కథలు. అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. పిల్ల చచ్చిన తరువాత గుడి కట్టు ఊరు, పిల్ల బ్రదికియుండగా తలుపు తీసినదా? మొక్కుట సులభము. కాచుట కష్టము.

ఈ ప్రశ్నకు బదులుగానే ‘కన్యాశుల్కము’ను చదువవచ్చునని మా యభిప్రాయము. విజయనగరమున 1892లో తొలిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో పెక్కు మార్పులతో పెరిగి వెలువడిన ఈ నాటకమును మనము గిరీశము కొరకు, మధురవాణి కొరకు చదువుట వాడుక. కాని కథకు ఇరుసు సుబ్బి యను చిన్నపిల్ల ప్రాణము. తండ్రి అగ్నిహోత్రావధానులు ఆమెను పదునెనిమిది వందలకు ముదుసలి లుబ్ధావధానులకు ఇచ్చుటకు ఒప్పుకొనెను. అక్క బుచ్చమ్మ అప్పటికే బాలవితంతువు. మేనమామ కరటకశాస్త్రి, నాటకములలో ఆడవేషము వేయు తన శిష్యుడైన కుర్రవానికి పరికిణీ కట్టించి, తక్కువ ధరకు ఆ ముదుసలికి కట్టబెట్టును. లోభి చవకబేరమునకు లోబడును. సుబ్బి తప్పించుకొనును. ఇక్కడ ఒక పిల్లను కాచినవాడు మరియొక పిల్లవాడు. దేవత కాదు, భీముడు కాదు. ప్రాణభయముతోనే ఆ యింట మెలగి, సమయము చూచి వేషము విప్పి పారిపోయిన కుర్రవాడు.

ఆపైన దయ్యము వచ్చును. ఆ పెండ్లికూతురు ఇదివరకే వివాహమైన పిల్ల యనియు, ఆమె తొలి మగడు దయ్యమై వెంటబడుచున్నాడనియు లుబ్ధావధానులకు బెదురు పుట్టును. పూజారి గవరయ్య ఆ దయ్యమును సీసాలో బిగించితినని నమ్మించును. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వుదురు. ఆ నవ్వు క్రింద ఒక నిజమున్నది. చిన్నపిల్లను కొనుటకు జంకని ఇల్లు, లేని దయ్యమునకు వడకినది. అంతకంటె వింత మరియొకటి కలదు. పెండ్లికూతురు మాయమగుటతో, పిల్లను చంపినాడన్న అభియోగము లుబ్ధావధానులపై బడును. పోలీసులు కదలుదురు, వకీళ్లు కదలుదురు. లేని పిల్ల చావునకు కదలిన చట్టము, ఉన్న పిల్లల విక్రయమునకు కదలలేదు. గురజాడ ఈ మాటను ఎవరి నోటను పలికింపలేదు. కథ నడకలోనే ఇమిడ్చెను. పట్టికలోని అంకెలు పీఠికలో నిలిచినవి. వాని వేడి నాటకములోనికి దిగినది.

అయితే బ్రదుకుట యొకటి, బ్రదికిన పిమ్మట బ్రదుకు మరియొకటి. సుబ్బి తప్పించుకొన్నను బుచ్చమ్మ మాట యేమి? గిరీశము మాటలు నమ్మి ఇల్లు విడిచిన ఆమెను, తుదకు సౌజన్యారావు పంతులు పూనాలోని వితంతు శరణాలయమునకు పంపుటతో ఆమె కథ ఆగును. వితంతు వివాహమును చట్టము 1856లోనే అనుమతించినను, కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించుటకు 1881 డిసెంబరు 11 వరకు ఆగవలసివచ్చెను. శారదా చట్టము 1929లో ఆమోదము పొంది, 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, బాలిక వివాహ వయస్సును పదునాలుగేండ్లుగా నిర్ణయించెను. అది 1949లో పదునైదు, 1978లో పదునెనిమిది అయ్యెను. బాల్యవివాహ నిషేధ చట్టము 2006లో వచ్చినది. ఒక యేడాది పిల్లకు వెల కట్టిన కాలమునుండి ఇంతవరకు వచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఆ పట్టికలోని 1034 మందిలో ఒక్కరి పేరును పీఠికలో లేదు. వయస్సులు కలవు, వెలలు కలవు, పేర్లు లేవు. వారిలో పలువురు పెరిగి పెద్దవారై, పిల్లలను కని, వంటయింటి చీకటిలో మనుమలకు కథలు చెప్పియుందురు. ఆ కథలలో మాయలమారి ఫకీరు చెరనుండి బాలనాగమ్మను విడిపించు కొడుకు బాలవర్ధిరాజు ఉండియుండును. చిలుకలో ప్రాణము దాచుకొన్న మాంత్రికుడు ఉండియుండును. మాంత్రికుని ప్రాణము ఎచ్చట నున్నదో తెలిసికొన్న పిల్లవాడే గెలుచునని ఆ కథ నేర్పును. కన్యల పాలిటి మాంత్రికుని ప్రాణము ఏకచక్రపురపు బాలిక పలికిన ఆ ఒక్క మాటలో నుండెను: ఆడపిల్ల ఎప్పటికైనను ఇచ్చివేయవలసినదే యను మాట.

కావున భోగాపురమున గాని, మరియొక యూర గాని, మన పిల్లలు దుష్టరాజ్యముల కథలను, దయ్యముల కథలను రాత్రి తెల్లవార్లు చదువుచున్నచో పుస్తకము లాగికొనవద్దని మా మనవి. దాని ప్రక్కన ‘కన్యాశుల్కము’ను కూడ ఉంచుడు, పీఠికతో సహా చదువుమనుడు. ఆ పిమ్మట, ఇంటిలో మిక్కిలి వృద్ధురాలైన ముత్తవ్వ యున్నచో, ఆమెకు ఏ యేట పెండ్లి అయినదో, ఆమె తల్లికి ఏ యేట అయినదో అడుగుమనుడు. చెప్పగలిగినవారు చెప్పుచుండగానే వినవలెను. పట్టికలో పేరు లేనివారికి మనమీయగల గౌరవము, గుడి కట్టుట కంటె, అదియే.