హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు

హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు (హైదరాబాద్ ఎఫ్.సి.) 2019 నుండి 2025 వరకు హైదరాబాదు నగరం పేరున ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.)లో ఆడిన వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బు. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడాప్రాంగణం దీని సొంత మైదానంగా ఉండేది. పసుపు, నలుపు దీని రంగులుగా ఉండేవి. 2021-22లో ఈ క్లబ్బు ఐ.ఎస్.ఎల్. విజేతగా నిలిచింది. ఆ తరువాత రెండేళ్ళకే ఆటగాళ్ళకు జీతాలు చెల్లించలేక లీగులో అట్టడుగుకు చేరింది. 2025లో కొత్త యాజమాన్యం దీనిని ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. ఆటగాళ్ళ ఒప్పందాలు, యజమానుల బాధ్యత, జట్టు ఎంపిక అనే మూడు విషయాలపై తెలుగు ఫుట్‌బాల్ అభిమానుల మధ్య నడచిన చర్చకు ఈ క్లబ్బు చరిత్రే ప్రధాన ఆధారం.

నేపథ్యం

హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం ఆ జట్టుకు, భారత జట్టుకు కూడా శిక్షకుడు. ఆయన శిక్షణలో భారతదేశం 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. రహీం 1963లో మరణించాడు.

ఆ కాలంలో ఆటగాడికి నేటి అర్థంలో ఒప్పందం ఉండేది కాదు. పోలీసు శాఖలో ఉద్యోగమే అతనికి భద్రత. కలకత్తా క్లబ్బులు ఇచ్చే సొమ్ము, అక్కడి ప్రేక్షకాదరణ హైదరాబాదు ఆటగాళ్ళను ఆకర్షించాయి. తులసీదాస్ బలరాం 1957లో, మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళారు. ఊరి జట్టును విడిచి వెళ్ళడం ద్రోహమా, బ్రతుకుతెరువా అన్న ప్రశ్న ఈ నగరంలో అప్పటినుండే ఉన్నది.

2014లో ఐ.ఎస్.ఎల్. ఎనిమిది జట్లతో మొదలైనపుడు అందులో తెలుగు నగరమేదీ లేదు. కాని తెలుగు యజమానులున్నారు. కొచ్చి కేంద్రంగా ఉన్న కేరళ బ్లాస్టర్స్ క్లబ్బులో సచిన్ టెండూల్కర్‌తో పాటు పొట్లూరి వరప్రసాద్‌కు చెందిన పి.వి.పి. సంస్థ భాగస్వామి. 2016లో నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ ఆ క్లబ్బులో వాటాదారులయ్యారు. 2018లో సచిన్ తన వాటాను వదలుకొన్నాడు.

స్థాపన

ఆర్థిక ఇబ్బందులతో ఎఫ్.సి. పూణే సిటీ క్లబ్బు మూతపడగా, ఆ స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దీని యజమానులు. వరుణ్ అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారిగా పనిచేశాడు. అదే సంవత్సరం నటుడు దగ్గుబాటి రానా కూడా సహయజమానిగా చేరాడు. పూణే ఆటగాళ్ళలో పలువురు, శిక్షకుడు ఫిల్ బ్రౌన్ హైదరాబాదుకు వచ్చారు.

సీజన్ ఆరంభానికి రెండు నెలల ముందు మాత్రమే పుట్టిన జట్టు కావడంతో మొదటి ఏడు ఫలితాలు నిరాశ కలిగించాయి. మొదటి ఆటలోనే కలకత్తాలో ఎ.టి.కె. చేతిలో 5-0 తేడాతో ఓడిపోయింది. 18 ఆటలలో రెండు మాత్రమే గెలిచి, 10 పాయింట్లతో చివరి స్థానంలో నిలిచింది. 2020 జనవరిలో ఫిల్ బ్రౌన్‌ను తొలగించారు.

విజయ కాలం

2020 ఆగస్టులో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ శిక్షకుడయ్యాడు. పేరున్న వారికి పెద్ద జీతాలివ్వడం కంటె యువకులైన భారతీయ ఆటగాళ్ళకు అవకాశమివ్వడం ఆయన పద్ధతి. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్ వంటివారు ఈ కాలంలోనే వెలుగులోకి వచ్చారు. 2020-21లో జట్టు ఐదవ స్థానం పొందింది.

2021-22లో లీగు దశలో 38 పాయింట్లతో రెండవ స్థానం సాధించింది. నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఒగ్బెచే 18 గోల్స్ చేసి లీగులో ప్రథముడయ్యాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్లో ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. నిర్ణీత సమయం ముగిసేందుకు రెండు నిమిషాల ముందు సాహిల్ తవోరా చేసిన గోలుతో స్కోరు 1-1 అయింది. పెనాల్టీ కిక్కులలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపడంతో హైదరాబాదు 3-1తో గెలిచింది.

కరోనా కారణంగా 2020-21, 2021-22 సీజన్లలోని ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. అందువలన ఈ జట్టు విజేత అయిన సంవత్సరంలో సొంత ఊరి ప్రేక్షకుల ముందు ఒక్క లీగు ఆట కూడా ఆడలేదు. టిక్కెట్ల ఆదాయం, స్థానిక వ్యాపార ప్రకటనలు, మైదానానికి వచ్చే అలవాటు - క్లబ్బు మూలాలు ఊరిలో నాటుకోవలసిన ఈ మూడూ ఆ రెండేళ్ళలో దక్కలేదు. 2022-23లో ఆటలు గచ్చిబౌలికి తిరిగివచ్చాయి. ఆ ఏడు కూడా జట్టు 42 పాయింట్లతో రెండవ స్థానంలో నిలిచి, సెమీఫైనల్లో ఎ.టి.కె. మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీ కిక్కులలో ఓడిపోయింది.

జీతాల సంక్షోభం

2023లో మార్కెజ్ ఎఫ్.సి. గోవాకు వెళ్ళాడు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, హాలిచరణ్ నర్జారీ బెంగళూరుకు మారారు. కొత్త శిక్షకుడు కానర్ నెస్టర్ ఎక్కువ కాలం ఉండలేదు. ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు బకాయి పడ్డాయి. బకాయిలపై ఫిర్యాదులు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా వరకు వెళ్ళాయి. కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా క్లబ్బుపై నిషేధం పడింది.

2024 జనవరి బదిలీ గడువులో నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్ వంటి ముఖ్యులు వెళ్ళిపోయారు. విదేశీ ఆటగాళ్ళలో కెప్టెన్ జొవావ్ విక్టర్ మాత్రం మిగిలాడు. థాంగ్‌బోయ్ సింగ్టో పిల్లల జట్టు నుండి వచ్చిన కుర్రవాళ్ళతో సీజన్ పూర్తిచేశాడు. 22 ఆటలలో ఒకటి గెలిచి, ఐదు సమానం చేసుకొని, 8 పాయింట్లతో జట్టు చివరి స్థానంలో నిలిచింది.

2024లో బి.సి. జిందాల్ సంస్థ క్లబ్బును తీసుకొన్నది. 2024-25లో జట్టు 18 పాయింట్లతో 13 జట్లలో 12వ స్థానం పొందింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. దీనితో రెండు తెలుగు రాష్ట్రాలలోను ఐ.ఎస్.ఎల్. క్లబ్బు లేకుండా పోయింది.

ఆటగాళ్ళ ఒప్పందాలు - నియమాలు

అభిమానుల చర్చను అర్థం చేసుకొనడానికి ఈ క్రింది నియమాలు తెలిసి ఉండాలి. ఇవి ఫిఫా నియమావళిలోనివి.

* ఒప్పందం గరిష్ఠ కాలం సాధారణంగా ఐదేళ్ళు. 18 ఏళ్ళ లోపు వారికి మూడేళ్ళు మించరాదు.
* ఒప్పందం మధ్యలో ఆటగాడిని వేరే క్లబ్బు తీసుకోదలిస్తే ప్రస్తుత క్లబ్బు అంగీకారం అవసరం. దానికి చెల్లించే సొమ్మును బదిలీ రుసుము అంటారు.
* ఒప్పందంలో చివరి ఆరు నెలలు మిగిలినపుడు ఆటగాడు వేరే క్లబ్బుతో ముందస్తు ఒప్పందం చేసుకోవచ్చు. కాలం ముగిసిన తరువాత రుసుము లేకుండా వెళ్ళవచ్చు. ఐరోపాలో ఈ స్వేచ్ఛకు 1995 నాటి బోస్మన్ తీర్పు ఆధారం.
* కనీసం రెండు నెలల జీతం చట్టవిరుద్ధంగా బకాయి పడితే, ఆటగాడు క్లబ్బుకు లిఖితపూర్వకంగా తెలిపి కనీసం 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ చెల్లించకపోతే ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ఈ నియమం 2018లో వచ్చింది.
* బకాయిలు తీర్చని క్లబ్బుకు కొత్త ఆటగాళ్ళ నమోదును ఫిఫా నిలిపివేయగలదు.

చివరి రెండు నియమాలు కలిసి పనిచేసినపుడు క్లబ్బు పరిస్థితి నీరు కారుతున్న కుండ వంటిది. ఉన్నవారు వెళ్ళిపోవచ్చు, కొత్తవారు రారాదు. 2024 జనవరిలో హైదరాబాదుకు జరిగినది ఇదే.

అభిమానుల చర్చ

ఆటగాళ్ళు వెళ్ళిపోవడం: కష్టకాలంలో క్లబ్బును విడిచిపెట్టారని కొందరు అభిమానులు ఆటగాళ్ళను నిందించారు. జీతం రాని ఉద్యోగి ఏ సంస్థలోనైనా మానివేస్తాడని, ఫుట్‌బాల్ ఆటగాడి సంపాదన కాలం పది పదిహేనేళ్ళకు మించదని ఇతరులు సమాధానం చెప్పారు. పై నియమాలను బట్టి చూస్తే ఒప్పందాన్ని ముందు ఉల్లంఘించినది జీతమివ్వని క్లబ్బే గాని, వెళ్ళిపోయిన ఆటగాడు కాడు.

ఆటగాళ్ళను అమ్మడం: లిస్టన్ కొలాసో 2021లో, ఆశిష్ రాయ్ 2022లో ఎ.టి.కె. మోహన్ బగాన్‌కు వెళ్ళారు. చిన్న ఆదాయం గల క్లబ్బు యువకులను తయారుచేసి, మంచి ధరకు పంపి, ఆ సొమ్ముతో మరికొందరిని తయారుచేయడమే బ్రతికే మార్గమని ఒక వాదం. విజేత జట్టును విడదీస్తే ప్రేక్షకులు నిలవరని మరొక వాదం. కొలాసో వెళ్ళిన తరువాతి సీజన్‌లోనే జట్టు విజేత కావడం మొదటి వాదానికి బలమిచ్చింది. 2023 తరువాతి పతనం రెండవ వాదానికి సాక్ష్యంగా చూపబడినా, ఆ పతనానికి అసలు కారణం అమ్మకాలు కాదు, బకాయిలు.

స్థానికులకు చోటు: 2022 ఫైనల్ ఆడిన జట్టులో కట్టిమణి, తవోరా గోవావారు. చింగ్లెన్‌సనా మణిపూర్, ఆకాశ్ మిశ్రా ఉత్తర ప్రదేశ్, ఆశిష్ రాయ్ సిక్కిం రాష్ట్రాలకు చెందినవారు. ఒకప్పుడు ఒలింపిక్ జట్టుకు ఆటగాళ్ళనిచ్చిన నగరం నుండి ఒక్కరైనా ప్రధాన జట్టులో ఎందుకు లేరని పాతతరం అభిమానుల ప్రశ్న. పాఠశాల, జిల్లా స్థాయి పోటీలు క్షీణించిన చోట ఏ యజమానీ ఒక్క సంవత్సరంలో ఆటగాళ్ళను సృష్టించలేడన్నది దీనికి జవాబు. పల్నాడులోని కారంపూడి, గురజాల వంటి ఊళ్ళలో కబడ్డీ, వాలీబాల్ జట్లు కనబడినంతగా ఫుట్‌బాల్ జట్లు కనబడకపోవడం ఈ జవాబును సమర్థిస్తుంది.

యజమానుల బాధ్యత: తప్పు యజమానులదేనని కొందరి అభిప్రాయం. లీగు నిర్మాణమే లోపభూయిష్టమని మరికొందరిది. ఐ.ఎస్.ఎల్. క్లబ్బు ఏటా లీగు నిర్వాహకులకు రుసుము చెల్లించాలి, జీతాలు భరించాలి. ప్రసార హక్కుల ఆదాయం ఈ ఖర్చుకు సరిపోదు. అందుచేత క్లబ్బు మనుగడ యజమాని జేబుపై ఆధారపడుతుంది. 2025 జూలైలో, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యతో వాణిజ్య ఒప్పందం ముగియవస్తున్నందున నిర్వాహకులు కొత్త సీజన్‌ను నిలిపివేయడంతో ఈ బలహీనత అన్ని క్లబ్బులకు అనుభవమైంది.

క్లబ్బు ఎవరిది?

చర్చ చివరకు చేరేది ఈ ప్రశ్నకే. చట్టం దృష్టిలో క్లబ్బు వాటాదారులది. కాని జట్టు పేరు, రంగులు, పాటలు ఊరివి.

క్రికెట్‌లో హైదరాబాదుకు వేరొక అనుభవం ఉన్నది. 2009 ఐ.పి.ఎల్. విజేత డెక్కన్ ఛార్జర్స్ యాజమాన్యం అప్పులలో మునిగినపుడు, 2012లో భారత క్రికెట్ బోర్డు ఆ జట్టును రద్దుచేసి హైదరాబాదు స్థానాన్ని వేలం వేసింది. సన్ టి.వి. సంస్థ దానిని ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు పొంది సన్‌రైజర్స్ జట్టును ఏర్పాటు చేసింది. అంటే యజమాని మారినా ఊరికి జట్టు మిగిలింది. ఫుట్‌బాల్‌లో అందుకు భిన్నంగా యజమానితో పాటు జట్టు ఊరు దాటింది.

ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బు 2003లో మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలినపుడు, దానిని ముందే గ్రహించిన అభిమానులు 2002లోనే ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే సొంత క్లబ్బును స్థాపించారు. జర్మనీలో కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉన్నది. భారతదేశంలో అటువంటి నియమం ఐ.ఎస్.ఎల్. క్లబ్బులకు లేదు.

విశేషాలు

* పూణే కోల్పోయిన స్థానం 2019లో హైదరాబాదుకు వచ్చింది. అదే సంవత్సరం ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలి ఒడిషా ఎఫ్.సి. అయింది. హైదరాబాదు కోల్పోయిన స్థానం 2025లో ఢిల్లీకి చేరింది. ఒక ఊరి సంతోషం మరొక ఊరి నష్టం కావడం ఈ లీగులో కొత్త కాదు.
* మనోలో మార్కెజ్ 2024లో భారత జట్టుకు శిక్షకుడై 2025 వరకు పనిచేశాడు.
* విశాఖపట్నంలో 2015లో మొదలైన శ్రీనిధి క్లబ్బు, శ్రీనిధి డెక్కన్ పేరుతో హైదరాబాదు నుండి ఐ-లీగ్‌లో ఆడి 2022-23, 2023-24 సీజన్లలో రెండవ స్థానం పొందింది. ఐ-లీగ్ విజేతకు మాత్రమే పై లీగుకు అర్హత ఉన్నందున రెండుసార్లూ ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది.