అంతర్జాల వైమానిక నియంత్రణము – గృహ సిమ్యులేటర్లు

గృహములందలి కంప్యూటర్లపై ఫ్లైట్ సిమ్యులేటర్లు నడుపువారు తమ కల్పిత విమానములను అంతర్జాలము ద్వారా ఒక్క ఆకాశమున కలిపి, వేరొక యూరనో వేరొక దేశముననో రాడార్ తెరవంటి తెర ముందు కూర్చున్న మనుష్యుని ఆదేశములను చెవిని బెట్టి, వానికి బదులు చెప్పుచు నడపు వ్యాసంగమునకు అంతర్జాల వైమానిక నియంత్రణమని పేరు. ఇందు విమానము మిథ్య, రన్‌వే మిథ్య. కంఠస్వరమును, నియమావళియు మాత్రము యథార్థములు. గెలుపోటములు గాని, పారితోషికములు గాని లేని ఈ క్రీడయందు గణనకు వచ్చునది క్రమశిక్షణ యొక్కటియే. 1990వ దశకపు చివరి సంవత్సరములలో అంకురించిన ఈ వ్యాసంగము నేడు ముఖ్యముగా వాట్సిమ్, ఐవావో అను రెండు స్వచ్ఛంద సంస్థల యాశ్రయమున లోకమంతట సాగుచున్నది.

పూర్వరంగము

వైమానిక నియంత్రణము విమానయానము కంటె వయసున కొంచెము చిన్నది. లండన్ సమీపమున క్రాయిడన్ విమానాశ్రయమున 1920లో నియంత్రణ గోపురము వెలసెను. అమెరికాలో సెయింట్ లూయీ నగరమున 1929లో ఆర్చీ లీగ్ అను నతడు రెండు జెండాలు చేతబట్టి మైదానపు అంచున నిలిచి, ఒకదానితో ఆగుమనియు, రెండవదానితో సాగుమనియు విమానములకు సంజ్ఞలు చేసెను. 1930లో క్లీవ్‌లాండ్ గోపురమున రేడియో నెలకొనగా, జెండాల కాలము గతించి మాటల కాలము వచ్చినది. 1935 చివర న్యూఆర్క్‌లో మార్గ నియంత్రణ కేంద్రము వెలసెను. 1944 డిసెంబరు 7న చికాగోలో కుదిరిన ఒడంబడిక ఫలితముగా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ యేర్పడి, సర్వదేశములకును సమానమైన పదజాలము, సంకేతాక్షరములు క్రమముగా స్థిరపడినవి. రాడార్, విమానపు గుర్తింపు సంఖ్యను రాడారునకు పంపు ట్రాన్స్‌పాండర్, జెట్ విమానము తరువాతి దశాబ్దులలో వచ్చి చేరినవి.

నేలమీదనే విమానయానము నభ్యసించు యంత్రమును ఎడ్విన్ లింక్ 1929 ప్రాంతమున నిర్మించెను. ఆ భావమును గృహస్థుని బల్లపైకి దెచ్చిన ఘనత బ్రూస్ ఆర్ట్‌విక్‌ది. ఆయన సబ్‌లాజిక్ సంస్థ పక్షమున ఆపిల్ కంప్యూటరుకై 1980 ప్రాంతమున వెలువరించిన ప్రోగ్రాము, 1982లో మైక్రోసాఫ్ట్ పేరిట ఐ.బి.ఎం. కంప్యూటర్లకు వచ్చెను. అటుపిమ్మట పదునైదేండ్లు గృహవైమానికుడు దాదాపు ఏకాకి. గోపురము తెరపై కనబడుచుండెడిదే గాని అందుండి సజీవమైన పలుకు వచ్చెడిది కాదు.

సంస్థల యావిర్భావము: 1997 – 2004

ఈ చరిత్రలో అత్యంత ఫలవంతమైన కాలమిదియే. 1997లో జేసన్ గ్రూమ్స్ అను నాతడు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరునకు జోడించుటకై స్క్వాక్‌బాక్స్ అను చిన్న ప్రోగ్రామును రచించెను. ఇది ఒక వినియోగదారుని విమానము యొక్క స్థానమును, ఎత్తును, వేగమును, ట్రాన్స్‌పాండరు సంఖ్యను అంతర్జాలమున నితరులకు బంపి, ఇతరుల వివరములను ఇతనికి దెచ్చి చూపెడిది. దానికి జంటగా ప్రొకంట్రోలర్ అను రాడార్ తెరయు వెలువడెను. మొదటిది వైమానికునికి, రెండవది నియంత్రకునికి. మార్టీ బోషేన్ రచించిన ఎఫ్.ఎస్.డి. అను సర్వరు ప్రోగ్రాము ఈ ఉభయులను కలుపు సూత్రమయ్యెను. ఒకరి కొకరు మొగమెరుగని యీ మువ్వురి కృషిని – అనగా రచయితలు, వైమానికులు, నియంత్రకులు – ఒక వ్యవస్థగా గూర్చుటకు రాండీ విస్లర్ ప్రభృతులు సాట్కో అను సంస్థను నెలకొల్పిరి.

సంఘములు పుట్టినచోట చీలికయు పుట్టుట లోకసహజము. సాట్కోనుండి విడివడిన యొక వర్గము 1998 డిసెంబరులో ఐవావో అను ప్రత్యేక సంస్థను స్థాపించెను. అది బెల్జియమున లాభాపేక్ష లేని సంఘముగా నిలిచి, ఐరోపాలో విశేషముగా వ్యాపించెను. సాట్కోలో మిగిలినవారు 2001 జూలైలో సంస్థను పునర్నిర్మించి వాట్సిమ్ అని పేరిడిరి. హార్వే స్టైన్, జోసెఫ్ జోనస్, విస్లర్ మున్నగువారు స్థాపకులు. ప్రవేశ రుసుము లేకుండుట, నియంత్రకులందరును వేతనము లేని స్వచ్ఛంద సేవకులగుట, ప్రపంచమును ప్రాంతములుగా విభజించి యెక్కడివారికక్కడ శిక్షణ భారమును అప్పగించుట – ఈ మూడు సూత్రములును ఉభయ సంస్థలకును సమానములు. పోటీ యున్నను రెండును వర్ధిల్లుట మిక్కిలి శ్లాఘనీయము.

ఆదిలో సంభాషణ యెక్కువగా అక్షరరూపమున సాగెడిది. నియంత్రకుడు టైపు చేసిన యాదేశము తెర యడుగున కనబడగా, వైమానికుడు ఒక చేత విమానమును నిలిపి, రెండవ చేత బదులు టైపు చేయవలసి వచ్చెడిది. రోజర్ విల్కో అను ప్రోగ్రాము ద్వారా కంఠస్వరము ప్రవేశించుటతో ఈ ప్రయాస తగ్గినది.

2001 సెప్టెంబరు 11 నాటి దుర్ఘటన యీ క్రీడపైనను తన నీడను వైచెను. ఆ యేట రానున్న ఫ్లైట్ సిమ్యులేటర్ 2002 నుండి మైక్రోసాఫ్ట్ వారు న్యూయార్కులోని జంట సౌధములను తొలగించిరి. విమానాపహరణమును సూచించు 7500 సంఖ్యను ట్రాన్స్‌పాండరున నుంచుట వాట్సిమ్ నియమావళిలో నిషిద్ధము. ఆ 2002 ప్రోగ్రాములోనే కంప్యూటరు తానే నియంత్రకుడై సంభాషించు సౌకర్యము వచ్చినది. దానితో మనుష్య నియంత్రకుల యవసరము తీరునని తోచవచ్చును గాని, యంత్రపు మాటలలోని మార్పులేని మర్యాద త్వరలోనే విసుగు పుట్టించుటచే జనము తిరిగి మనుష్యులనే ఆశ్రయించిరి.

కార్యవిధానము

వైమానికుడు మొదట ప్రయాణ ప్రణాళికను దాఖలు చేయును. డెలివరీ స్థానమున నున్న నియంత్రకుడు మార్గమును, ఎత్తును, నాలుగంకెల ట్రాన్స్‌పాండరు సంఖ్యను చదివి వినిపించగా, వైమానికుడు వానిని మరల పొల్లుపోకుండ చదివి అప్పగింపవలెను. పిదప గ్రౌండ్, టవర్, డిపార్చర్, సెంటర్ అను స్థానములు వరుసగా, రైల్వే స్టేషను మాస్టరు ముందరి స్టేషనునుండి లైన్ క్లియర్ పొంది బండిని విడుచునట్లు, విమానమును ఒకరి చేతినుండి యొకరి చేతికి అప్పగించును. క్రింది స్థానము ఖాళీగా నున్నచో పై స్థానమువాడే దాని బాధ్యతను గూడ వహించును. ఎవ్వరును లేనిచోట వైమానికులు 122.800 అను సామాన్య ఫ్రీక్వెన్సీపై తమ యుద్దేశములను పరస్పరము తెలుపుకొందురు.

ఆదేశములను పొల్లుపోకుండ గ్రహించి పాటించుటకు ఇంత ప్రాధాన్యమేల యనువారికి 1996 నవంబరు 12 నాటి చర్ఖీ దాద్రీ దుర్ఘటన సమాధానము చెప్పును. 15,000 అడుగుల మట్టమున నిలువవలసిన కజక్‌స్థాన్ విమానము అంతకంటె దిగివచ్చి, ఎదురుగా వచ్చు సౌదీ విమానమును ఢీకొనగా 349 మంది మరణించిరి. కల్పిత గగనమున అట్టి పొరపాటు చేసినవాడు మందలింపుతో బయటపడును; కాని యభ్యాసమునకు విషయము అదియే.

వాట్సిమ్‌లో చేరుటకు పదుమూడేండ్ల ప్రాయము నిండవలెను. నియంత్రకుడు కాగోరువాడు ఎస్-1 హోదాతో గ్రౌండ్, ఎస్-2తో టవర్, ఎస్-3తో అప్రోచ్, సి-1తో సెంటర్ స్థానములకు పరీక్షల మీదుగా ఎక్కవలెను. నియంత్రకుడున్న గగనమున వైమానికుడు కాలమును త్వరితపరచరాదు. విమానమును అరగంటకు మించి విడిచి లేచిపోనురాదు. ఏటేట జరుగు క్రాస్ ది పాండ్ అను ఉత్సవమున వందల కొలది విమానములు అట్లాంటిక్ మహాసముద్రమును దాటుచుండగా, గాండర్, షాన్విక్ అను సముద్ర గగన నియంత్రణ స్థానముల స్వచ్ఛంద సేవకులు గంటల తరబడి అలుపెరుగక క్రమము తప్పనీయకుందురు.

తరువాతి పరిణామములు

2006లో ఫ్లైట్ సిమ్యులేటర్ టెన్ వెలువడెను. దానిని నిర్మించిన ఏసెస్ స్టూడియో 2009 జనవరిలో మూతపడెను. ఆస్టిన్ మేయర్ రచించిన ఎక్స్-ప్లేన్ పలువురకు ప్రత్యామ్నాయమయ్యెను. 2011లో పైలట్‌ఎడ్జ్ అను సంస్థ, వేతనము గొను నియంత్రకులతో, చందా పద్ధతిపై అమెరికాలో ప్రారంభమైనది. 2019 అక్టోబరులో వాట్సిమ్ ప్రవేశపెట్టిన నూతన ధ్వని వ్యవస్థ వలన, దూరము పెరిగినకొలది స్వరము క్షీణించుట మున్నగు రేడియో లక్షణములు సంక్రమించినవి. 2020 ఆగస్టు 18న ఉపగ్రహ చిత్రములతో భూగోళమంతటిని చూపు మైక్రోసాఫ్ట్ నూతన సిమ్యులేటర్ రాగా, కరోనా మహమ్మారి వలన ఇండ్లలో బందీలై యున్న జనము వేలుగా ఈ యాకాశమున కెగసిరి. 2022లో విమాన స్థానమును సెకనుకు ఐదు పర్యాయములు తెలుపు మార్పు వచ్చినది.

తెలుగు నేలపై

హైదరాబాదునకు యథార్థ విమానయానముతో సంబంధము ప్రాచీనము. నిజాము ప్రభుత్వ కాలమున 1930వ దశకమున బేగంపేట మైదానము వెలసెను. 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ప్రారంభమై 1953 జాతీయకరణమున లీనమైనది. వైమానికులను తయారుచేయు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కేంద్ర శిక్షణాలయము ఈ నగరముననే యుండెను. కల్పిత విమానయానమునకు మాత్రము అంతర్జాలము రావలసి యుండెను. విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న ప్రజలకు అంతర్జాలమును అందించిరి. 1998 నుండి ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించెను. టెలిఫోన్ తీగపై కీచుమని పలికి కలియు ఆ మందగతి మోడెములతో, నిమిషములు లెక్కించు బిల్లుతో, నాలుగు గంటల ప్రయాణము మధ్యతరగతి వానికి దుర్లభము. పైగా అంతర్జాల టెలిఫోను సౌకర్యము 2002 ఏప్రిల్ 1 వరకు దేశమున నిషిద్ధమై యుండెను. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బాండ్ ప్రారంభమగుటతో గాని ఈ యవరోధములు తొలగలేదు.

2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయమునకు రాకపోకలు మారుట గృహవైమానికులకు ఒక వినోదకరమైన చిక్కును దెచ్చినది. 2003, 2006 నాటి సిమ్యులేటర్లు అంతకు ముందే వెలువడినవగుటచే వానియందు బేగంపేట మాత్రమే యుండెను. కావున శంషాబాదును జోడించుకొనని వానికి 4,260 మీటర్ల నూతన రన్‌వే ఉండవలసినచోట బయలు నేలయే కానవచ్చుచుండెను. నెట్‌వర్కులందు స్థానముల పేళ్లు అంతర్జాతీయ సంకేతముల ననుసరించును: శంషాబాదు వి.ఓ.హెచ్.ఎస్., బేగంపేట వి.ఓ.హెచ్.వై., విజయవాడ వి.ఓ.బి.జెడ్. మొదటి రెండక్షరములైన వి.ఓ. చెన్నై పరిధిలోని దక్షిణ భారతమును సూచించును. అమెరికాలోని తెలుగువాడు ఉదయమున, హైదరాబాదులోనివాడు సాయంకాలమున ఒకే ఫ్రీక్వెన్సీపై కలియుట యీ ఏర్పాటున సాధ్యము. భాష మాత్రము ఆంగ్లమే, సమయమును గ్రీన్‌విచ్‌దే.

కోనరావుపేట ప్రాంతము

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట, పొరుగున నున్న సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములకు విమానాశ్రయము లేదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో బసంత్‌నగర్‌న ఒక రన్‌వే యుండగా, వాయుదూత్ విమానములు కొంతకాలము దిగి పిదప మానుకొన్నవి. అయినను దేశమున విమానముతో ఇంతటి నిత్యసంబంధము గల పల్లెలు అరుదు. దుబాయి, మస్కట్, దోహా, రియాద్ నగరములకు కూలికి బోవు గల్ఫు వలసజీవులు ఈ యూళ్లనుండి దశాబ్దులుగా సాగుచున్నారు. వారు మొదట బొంబాయికి రైళ్లపై, బస్సులపై బోయి విమానమెక్కెడివారు. తదుపరి శంషాబాదునుండి నేరుగా పోవుచున్నారు.

ఆ మార్గమునే సిమ్యులేటర్‌పై సాధన చేయువాడు చెన్నై సెంటర్ పరిధి నుండి ముంబయి పరిధికి మారి, అరేబియా సముద్రమును దాటి, మస్కట్, ఎమిరేట్స్ నియంత్రకుల కప్పగింపబడి, సుమారు నాలుగు గంటలకు దుబాయి చేరును. తండ్రి కిటికీ ప్రక్కన కూర్చుండి నిద్రలో దాటిన గగనమును కుమారుడు నాలుగు ఫ్రీక్వెన్సీలుగా తెలిసికొనగలుగుట సామాన్యమైన విద్య కాదు. దీనికి వలసినవి మంచి కంప్యూటరు, జాయ్‌స్టిక్కు, హెడ్‌సెట్టు, నిలుకడ గల బ్రాడ్‌బాండు. నెట్‌వర్కు ఉచితమే, కంప్యూటరు కాదు. ఈ వ్యాసంగము నగరముల దాటి పల్లెలకు మెల్లగా వచ్చుటకు ముఖ్యకారణ మిదియే.

విద్యార్థులు గుర్తింపవలసిన విషయము వేరొకటి కలదు. వాట్సిమ్, ఐవావో ఇచ్చు హోదాలకు పౌర విమానయాన డైరెక్టరేట్ గుర్తింపు లేదు. యథార్థ నియంత్రకుడు కాగోరువాడు భౌతిక, గణిత శాస్త్రములతో బి.ఎస్సి. గాని, తత్సమానమైన ఇంజనీరింగు పట్టము గాని పొంది, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిర్వహించు జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్షలో నెగ్గి, ఆ సంస్థ శిక్షణాలయములలో శిక్షణ ముగింపవలెను. రేడియో సంభాషణకు జంకు తీర్చుటలో సిమ్యులేటర్ మిక్కిలి తోడ్పడునే గాని, ఆ పరీక్షకు అది అర్హతగా లెక్కకు రాదు.